జ్వరంలో ముంచుకొచ్చే నిద్ర వేడి వల్ల వచ్చేది కాదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. డెంగ్యూ వచ్చి అయిదు రోజులు పగలూ రాత్రీ తేడా లేకుండా మంచం మీదే ఉన్నారు. కళ్లు మూతలు పడుతూనే ఉన్నాయి, కానీ లేచిన ప్రతిసారీ అసలు నిద్రే పోనట్టు ఉంది. జ్వరం వేడికి అలా అవుతుందని అమ్మగారు అన్నారు, మాత్రల మత్తు అని మావగారు అన్నారు, మీ తమ్ముడేమో ఇదంతా సైటోకైన్ల పని అని ఎక్కడో చదివి చెప్పాడు. ఇందులో ఏది నిజం? తమ్ముడు చెప్పిందే నిజమైతే, నిద్ర తెప్పించే పదార్థం నిద్రను ఎందుకు పాడు చేసింది?

తమ్ముడు చెప్పిందే నిజానికి దగ్గర. మావగారి మాటలోనూ కొంత ఉంది, దాని సంగతి చివర్లో చెబుతాను. నేను మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ పాఠాలు చెబుతాను, కొన్నేళ్లు స్లీప్ ల్యాబ్‌లో రాత్రి రికార్డింగులు చదివే పని కూడా చేశాను. కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

రోగనిరోధక కణాలు ఒకదానికొకటి కబురు పెట్టుకోవడానికి వాడే చిన్న ప్రొటీన్లే సైటోకైన్లు. వాటిలో నిద్రకు సంబంధించి ముఖ్యమైనవి రెండు: ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్ఎఫ్ (ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్). ఇవి రక్తంలోనే కాదు, మెదడులో కూడా తయారవుతాయి. అదీ జబ్బు చేసినప్పుడు మాత్రమే కాదు, మీరు నిక్షేపంగా ఉన్న రోజు కూడా. మామూలు రాత్రి పట్టే నిద్రలో వీటి చెయ్యి ఉంది. ఒంట్లోకి వైరసో బాక్టీరియానో దూరినప్పుడు వీటి మోతాదు పెరుగుతుంది. కొంచెం పెరిగితే గాఢనిద్ర పెరుగుతుంది. బాగా పెరిగితే ఆ నిద్రే ముక్కలు ముక్కలవుతుంది. మీ అయిదు రోజుల అవస్థకు కారణం ఆ రెండోదే.

ఇది ఎలా బయటపడిందో చెబితే మిగతాది సులువుగా ఎక్కుతుంది. అదీగాక ఈ కథంటే నాకు ఇష్టం, క్లాసులో కూడా ఇక్కడ కాస్త ఎక్కువసేపే ఆగుతాను.

1909 ప్రాంతంలో జపాన్‌లోని నగోయాలో కునియోమి ఇషిమోరి, పారిస్‌లో ఆన్రీ పియెరాన్, రెనె లెజాండ్ర్ దాదాపు ఒకే రకం ప్రయోగం చేశారు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే. కుక్కల్ని నిద్రపోనివ్వకుండా మేలుకొలిపి ఉంచడం, వాటి మెదడు నుంచో మెదడు చుట్టూ ఉండే ద్రవం నుంచో కొంత తీసుకుని, నిద్ర సరిపోయిన కుక్కలకు ఎక్కించడం. ఎక్కించుకున్న కుక్కలు నిద్రలోకి జారుకున్నాయి. అంటే మెలకువగా ఉన్న కొద్దీ మెదడులో ఏదో పదార్థం పోగుపడుతోందన్నమాట. పియెరాన్ దానికి హిప్నోటాక్సిన్ అని పేరు పెట్టాడు. అదేమిటో తేల్చే రసాయన పద్ధతులు ఆ రోజుల్లో లేవు. విషయం అక్కడితో ఆగిపోయింది.

1960ల్లో హార్వర్డ్‌లో జాన్ పాపెన్‌హైమర్ దాన్ని మళ్లీ పట్టుకున్నాడు, ఈసారి మేకలతో. నిద్ర లేని మేకల మెదడు ద్రవం ఇస్తే వేరే జంతువులకు గాఢనిద్ర పెరిగింది. ఆ అజ్ఞాత పదార్థాన్ని ఫ్యాక్టర్ ఎస్ అన్నారు. చిక్కేమిటంటే, మేక మెదడు నుంచి వచ్చే ద్రవం ఎంతని? విశ్లేషణకు చాలదు. చివరికి మనుషుల మూత్రం నుంచి తీయాల్సి వచ్చింది. వేల లీటర్లు వడగట్టి, శుద్ధి చేసి, అందులోంచి మైక్రోగ్రాముల్లో సరుకు తీశారు. 1982లో జేమ్స్ క్రూగర్, పాపెన్‌హైమర్, మ్యాన్‌ఫ్రెడ్ కార్నోవ్‌స్కీ తేల్చింది చూసి అందరూ ముక్కున వేలేసుకున్నారు. అది మ్యురమైల్ పెప్టైడ్. బాక్టీరియా గోడలో ఉండే ముక్క. మ్యురమిక్ ఆమ్లాన్ని మన శరీరం తయారు చేసుకోలేదు, బాక్టీరియాలే చేస్తాయి.

నిద్ర తెప్పించే పదార్థం కోసం మెదడులో వెతుకుతూ పోతే బాక్టీరియా గోడ దొరికింది! చాలామంది ఇదేదో కల్తీ వ్యవహారం అనుకుని పక్కన పెట్టేసేవాళ్లు. క్రూగర్ అలా చేయలేదు. బాక్టీరియా గోడ ముక్కలు ఒంట్లో చేసే పనుల్లో అప్పటికే తెలిసినదొకటి ఉంది: అవి రోగనిరోధక కణాల చేత ఇంటర్‌ల్యూకిన్-1ను విడుదల చేయిస్తాయి. మరి నిద్ర తెప్పించేది కూడా అదేనేమో? 1984లో కుందేళ్లకు ఇంటర్‌ల్యూకిన్-1 ఇచ్చి చూశారు. గాఢనిద్ర పెరిగింది. 1987లో టీఎన్ఎఫ్‌తోనూ అదే ఫలితం వచ్చింది. ఆ తర్వాత ఈ రంగం వెనక్కి తిరిగి చూడలేదు.

ఇక అమ్మగారి మాటకు వద్దాం. ఇంటర్‌ల్యూకిన్-1 జ్వరం కూడా తెప్పిస్తుంది. అలాంటప్పుడు నిద్రకు కారణం వేడి కాదని ఎలా చెప్పగలం? ఆ 1984 కుందేళ్లలోనే జ్వరాన్ని అడ్డుకునే మందు కలిపి ఇచ్చారు. ఒళ్లు వేడెక్కలేదు, నిద్ర మాత్రం వచ్చింది. ఇంతకన్నా గట్టి సాక్ష్యం చిట్టెలుకలది. ఇన్‌ఫ్లుయెంజా సోకిన చిట్టెలుకకు ఒళ్లు వేడెక్కదు, చల్లబడుతుంది. అయినా అది చురుగ్గా తిరగాల్సిన రాత్రి వేళ కూడా పడి నిద్రపోతుంది. వేడి, నిద్ర ఒకే చోట పుట్టి చెరో దారి పట్టినవి. ఒకటి రెండోదానికి కారణం కాదు.

ఇప్పుడు ఒంట్లో పుట్టిన కబురు మెదడుకు ఎలా చేరుతుందో చూద్దాం. రక్తానికీ మెదడుకూ మధ్య గట్టి అడ్డుగోడ ఉంది, సైటోకైన్ల లాంటి పెద్ద అణువులు ఇష్టమొచ్చినట్టు దాటి పోలేవు. కానీ దారులు చాలా ఉన్నాయి. కొంత మోతాదును గోడలోని రవాణా ప్రొటీన్లే మోసుకెళ్తాయి. కొన్ని చిన్న ప్రాంతాల్లో ఆ గోడ పలచగా ఉంటుంది, అక్కడ రక్తంలో ఏముందో మెదడు నేరుగా చూడగలదు. రక్తనాళాల లోపలి పొర కణాలు సైటోకైన్లను పసిగట్టి, అవతలి వైపుకు ప్రోస్టాగ్లాండిన్లు అనే కొవ్వు రకం కబురు అణువులను వదులుతాయి. ఇక అన్నిటికన్నా వేగంగా వెళ్లే దారి వేగస్ నాడి. కడుపు, కాలేయం, ఊపిరితిత్తుల నుంచి మెదడు కాండం దాకా పోయే నాడి ఇది. ఎలుకల్లో ఈ నాడిని కోసి, పొట్టలోకి ఇంటర్‌ల్యూకిన్-1 గానీ టీఎన్ఎఫ్ గానీ ఇస్తే, మామూలుగా రావాల్సిన నిద్ర బాగా తగ్గిపోయింది. వేగస్ నాడి వచ్చి చేరే చోటున్న కొన్ని న్యూరాన్లను తట్టి లేపితే చాలు, ఏ ఇన్ఫెక్షనూ లేని చిట్టెలుక కూడా తిండి మానేసి, నీళ్లు మానేసి, కదలకుండా ముడుచుకుపోతుందని 2022లో రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీ వాళ్లు చూపించారు. లంఖణం పరమౌషధం అంటారు కదా మన పెద్దలు, ఆ లంఖణాన్ని మెదడు తనంతట తానే పెట్టుకుంటోందన్నమాట. అలాగని డెంగ్యూలో నీళ్లు, మజ్జిగ, ఓఆర్ఎస్ మానేయకండి, అక్కడ ద్రవాలు తగ్గితే ప్రమాదం.

మెదడులోకి చేరాక అసలు పని ఎక్కువగా మెదడు అడుగున ఉండే హైపోథలామస్ అనే చిన్న భాగం ముందు వైపున, దాని పక్కనున్న బేసల్ ఫోర్‌బ్రెయిన్ అనే చోట జరుగుతుంది. ఈ చోటుకు పాత చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో నిద్రజబ్బు లాంటి మెదడు వాపు ఒకటి వ్యాపించింది. వియన్నాలో కాన్స్టంటిన్ ఫాన్ ఎకొనొమో చనిపోయిన రోగుల మెదళ్లు కోసి చూశాడు. హైపోథలామస్ వెనుక భాగం దెబ్బతిన్నవాళ్లు ఆగకుండా నిద్రపోయారు. ముందు భాగం దెబ్బతిన్నవాళ్లకు నిద్ర అన్నదే పట్టలేదు. నిద్ర తెప్పించే న్యూరాన్లు ముందు భాగంలో ఉన్నాయని దాన్నిబట్టే మొదట తెలిసింది. ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్ఎఫ్ వెళ్లి తట్టేది ఆ తలుపే.

అవి ఒంటరిగా పనిచేయవు, వెనకాల పెద్ద గొలుసే ఉంటుంది. నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాగ్లాండిన్లు, అడెనోసిన్ (మెలకువగా ఉన్న కొద్దీ మెదడులో పోగుపడే రసాయనం), గ్రోత్ హార్మోన్‌ను విడుదల చేయించే హార్మోన్, ఇలా. మీకు పనికొచ్చే రెండింటి గురించే చెబుతాను. ప్రోస్టాగ్లాండిన్ ఈ2 జ్వరం తెప్పిస్తుంది. ప్రోస్టాగ్లాండిన్ డీ2 నిద్ర తెప్పిస్తుంది. పేర్లు చూస్తే అన్నదమ్ముల్లా ఉన్నా పనులు వేరు. ఈ డీ2 మీద జపాన్‌లో ఒసాము హయాయిషి బృందం దశాబ్దాల పాటు పనిచేసింది. మెదడు పొరల్లో తయారైన డీ2 బేసల్ ఫోర్‌బ్రెయిన్ దగ్గర అడెనోసిన్‌ను పెంచుతుంది, అడెనోసిన్ ఏ2ఏ అనే గ్రాహకం (కణం మీద ఆ పదార్థం వచ్చి అతుక్కునే చోటు) ద్వారా నిద్ర న్యూరాన్లను లేపుతుంది. మీ పొద్దుటి ఫిల్టర్ కాఫీ అడ్డుపడేది కూడా ఈ ఏ2ఏ గ్రాహకానికే. ఆ గ్రాహకం లేకుండా పుట్టించిన చిట్టెలుకలకు కెఫీన్ ఎంత ఇచ్చినా మెలకువ పెరగలేదు. జ్వరంలో కాఫీ తాగినా మగత పూర్తిగా వదలదని చాలామంది అంటారు. గొలుసులో ఒక లింకును మాత్రమే అది అడ్డుకుంటుంది కాబట్టి నాకు అందులో వింతేమీ కనిపించదు.

ఇంతవరకూ జబ్బు సంగతి. నన్నడిగితే అసలు ఆసక్తికరమైన భాగం జబ్బు లేని రోజుది.

ఎలుక మెదడులో ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్ఎఫ్ తయారీ రోజంతా ఒకేలా ఉండదు. నిద్ర ఎక్కువగా పట్టే వేళకు పెరుగుతుంది, మెలకువ వేళకు తగ్గుతుంది. ఎలుకను నిద్రపోనివ్వకుండా ఉంచితే ఇంకా పెరుగుతుంది. ఆ సమయంలో వాటిని బంధించి పనిచేయనివ్వని మందులు మెదడులోకి ఇస్తే, నిద్ర చెడిన తర్వాత బాకీ తీర్చుకోవడానికి వచ్చే నిద్ర తగ్గిపోతుంది. ఇక వీటి గ్రాహకాలు లేకుండా పుట్టిన చిట్టెలుకలు, ఏ జబ్బూ లేకపోయినా, మామూలు వాటికన్నా తక్కువ నిద్రపోతాయి. అంటే వీటిని "రోగనిరోధక" అణువులనడం సగం నిజమే. మెదడు దృష్టిలో ఇవి నిద్ర బాకీ లెక్కలో భాగం.

ఆ లెక్క కూడా మెదడంతటికీ ఒక్కటే కాదు. ఎలుక మెదడు పైపొర మీద ఒక్క వైపే టీఎన్ఎఫ్ చుక్క వేస్తే, ఆ వైపే నిద్ర అలలు పెద్దవయ్యాయి, రెండో వైపు మామూలుగానే ఉన్నాయి. ఎలుక మీసాల్ని ఒక పక్క అదే పనిగా కదిలిస్తే, ఆ మీసాల స్పర్శను అందుకునే మెదడు భాగంలో టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 పెరిగాయి. క్రూగర్ బృందం వివరణ ఇది. పనిచేసే న్యూరాన్లు పని చేస్తూనే ఏటీపీని (కణాలకు ఇంధనం లాంటి అణువు) బయటకు వదులుతాయి. చుట్టూ ఉండి న్యూరాన్లకు తోడ్పడే గ్లియా కణాలు దాన్ని పసిగట్టి సైటోకైన్లను విడుదల చేస్తాయి. అవి ఆ చుట్టుపక్కల న్యూరాన్లను నిద్ర స్థితి వైపు నెడతాయి. ఏటీపీలోంచి వచ్చే అడెనోసిన్ కూడా అదే వైపు నెడుతుంది. ఎక్కువ పని చేసిన భాగం ముందు అలసిపోతుంది. అలా తగినన్ని భాగాలు అలసిపోయాక మనిషి మొత్తంగా నిద్రపోతాడు. ఊరంతటికీ ఒకేసారి కరెంటు పోవడం కాదిది, ఫీడరు ఫీడరుగా పోవడం.

ఈ సిద్ధాంతాన్ని అందరూ పూర్తిగా ఒప్పుకోరు. నిద్రను పైనుంచి నడిపే కేంద్రాలదే పెత్తనం అనేవాళ్లు ఎక్కువ. రెండూ కలిసే పనిచేస్తాయని నా అభిప్రాయం. మనుషుల్లో దీనికి దగ్గరగా వచ్చే గమనిక ఒకటుంది. ఒక చేతిని పగలంతా కట్టి కదలకుండా ఉంచితే, ఆ రాత్రి ఆ చేతికి సంబంధించిన మెదడు భాగంలో గాఢనిద్ర అలలు చిన్నవయ్యాయని 2006లో రెటో హ్యూబర్ బృందం చూపించింది. ఆ ప్రయోగంలో సైటోకైన్లను కొలవలేదు, కాబట్టి అంతవరకే చెప్పుకోవాలి. కానీ నిద్ర అన్నది మెదడులో ఒక్కో చోట ఒక్కోలా ఉంటుందన్నది మనుషుల్లోనూ నిజమే.

ఇక మీ అసలు ప్రశ్న. అంత మగతగా ఉండీ నిద్రపోయినట్టు ఎందుకు లేదు?

స్లీప్ ల్యాబ్‌లో మేం రాత్రంతటినీ 30 సెకన్ల ముక్కలుగా విడగొట్టి చదువుతాం. గాఢనిద్రలో తెర మీద ఈఈజీ గీత (మెదడు విద్యుత్తును చూపే గీత) పెద్ద పెద్ద అలలుగా, బరువుగా, నెమ్మదిగా సాగుతుంది. సెకనుకు రెండు అలల లోపే, ఒక్కో అల ఎత్తు 75 మైక్రోవోల్టులకు పైన. ఆరోగ్యంగా ఉన్న యువకుడి రికార్డింగులో మొదటి మూడు గంటల్లో అవి తెరంతా నిండిపోతాయి. మధ్యలో దాదాపు గంటన్నరకోసారి కలల నిద్ర వస్తుంది, గీత సన్నగా, చురుగ్గా మారుతుంది, కళ్లు అటూ ఇటూ కదులుతున్నట్టు వేరే గీతల్లో కనిపిస్తుంది, గడ్డం కింది కండరం గీత చదునుగా పడిపోతుంది. జ్వరంతో ఉన్న మనిషి రికార్డింగులో ఈ వరుస ఉండదు. అలలు వస్తాయి, సాగకముందే తెగిపోతాయి, కొన్ని సెకన్ల మెలకువ, మళ్లీ తేలిక నిద్ర, మళ్లీ మెలకువ. కలల నిద్ర దాదాపు కనబడదు. మర్నాడు ఆ మనిషిని అడిగితే కన్ను మూయలేదనే చెబుతాడు. గంటలు లెక్కేస్తే తక్కువేం పడుకోలేదు.

దీన్ని మనుషుల్లో పద్ధతిగా పరీక్షించింది మ్యూనిక్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ వాళ్లు. ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు బాక్టీరియా ఎండోటాక్సిన్‌ను (బాక్టీరియా గోడలోని విషపదార్థం) అతి తక్కువ మోతాదుల్లో ఇచ్చారు. తక్కువ మోతాదులో గాఢనిద్ర పెరిగింది. దానికి కొన్ని రెట్లు ఇచ్చేసరికి నిద్ర చెదిరిపోయింది, మాటిమాటికీ మెలకువ వచ్చింది. కలల నిద్ర తగ్గింది. ఇంటర్‌ల్యూకిన్-6 అనే మరో సైటోకైన్‌ను నేరుగా ఇచ్చిన మరో జర్మన్ అధ్యయనంలో రాత్రి మొదటి సగంలో గాఢనిద్ర తగ్గి రెండో సగానికి జరిగింది, కలల నిద్ర తగ్గింది, మర్నాడు నీరసం. మంచి జలుబు పట్టిన మొదటి రాత్రి మొద్దునిద్ర పట్టడం, 103 జ్వరంలో కలత నిద్ర కావడం, రెండూ ఒకే పదార్థాల పనే. తేడా మోతాదులో ఉంది.

కలల నిద్రే ముందు ఎందుకు పోతుందనడానికి నాకు నచ్చిన కారణం ఒకటుంది. జ్వరం రావాలంటే వణుకు కావాలి, చర్మంలోని రక్తనాళాలు ముడుచుకోవాలి. కలల నిద్రలో కండరాలు సడలిపోతాయి, ఆ సమయంలో మనం వణకలేం, ఒంటి వేడిని నిలబెట్టే యంత్రాంగం దాదాపు ఆగిపోతుంది. కాబట్టి వేడి పెంచాలనుకున్న మెదడు కలల నిద్రను పక్కన పెట్టక తప్పదు. ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడి పెంచాలంటే శరీరం ఖర్చు 10 శాతం పైనే పెరుగుతుంది. ఆ ఖర్చు భరించాలంటే తిరగడం, పనిచేయడం తగ్గాలి. నిద్ర ఆ మిగులు చూపిస్తుంది.

ఇది కేవలం మిగులు కోసమేనా, రోగం తగ్గడానికి కూడా పనికొస్తుందా? బాక్టీరియా ఎక్కించిన కుందేళ్లలో గాఢనిద్ర ఎక్కువసేపు నిలిచినవే ఎక్కువగా బతికాయని 1993లో లిండా టోత్, క్రూగర్ గమనించారు. కానీ దాన్నిబట్టి నిద్రే కాపాడిందని అనలేం, తేలిగ్గా జబ్బు పడినవే బాగా నిద్రపోయి ఉండొచ్చు కదా. ఈగల్లో సాక్ష్యం ఇంకాస్త గట్టిది. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో అమితా సెహగల్ బృందం 2019లో నెమురి అనే జన్యువును పట్టుకుంది. అది తయారు చేసే ప్రొటీన్ బాక్టీరియాను చంపుతుంది, అదే ఈగకు నిద్ర కూడా తెప్పిస్తుంది. దాన్ని ఎక్కువగా తయారు చేసే ఈగలు ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఎక్కువ నిద్రపోయాయి, ఎక్కువ కాలం బతికాయి. రోగంతో పోరాడటం, నిద్ర తెప్పించడం రెండూ ఒకే అణువు చేస్తోంది.

ఇటీవల నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం 2024లో న్యూయార్క్ మౌంట్ సినాయ్ నుంచి వచ్చిన పని. అక్కడ ఇన్ఫెక్షన్ అన్నదే లేదు. చిట్టెలుకల్లో గుండెపోటు కలిగిస్తే, రక్తంలోని మోనోసైట్లు అనే కణాలు మెదడులోకి వెళ్లాయి, మెదడు మధ్యలో ఉండే థలామస్‌లో ఒక చోట టీఎన్ఎఫ్ వదిలాయి, గాఢనిద్ర పెరిగింది. ఆ నిద్రను చెడగొట్టినప్పుడు గుండెలో వాపు పెరిగింది, కోలుకోవడం మందగించింది. గుండెపోటు వచ్చిన తర్వాతి వారాల్లో నిద్ర సరిగా పట్టని మనుషులు కూడా అంత బాగా కోలుకోలేదని అదే పనిలో చూశారు. మన ఆసుపత్రుల్లో రాత్రంతా ట్యూబులైట్లు వెలుగుతూ, మానిటర్లు కుయ్యికుయ్యిమంటూ, తెల్లవారుజామున నాలుగింటికి రక్తం తీయడానికి లేపుతూ ఉంటారు కదా, ఇది చదివినప్పుడల్లా నాకు ఆ వార్డులే కళ్లముందుకొస్తాయి.

ఇటు నుంచి అటు కూడా దారి ఉంది. నిద్ర తగ్గితే రోగనిరోధం దెబ్బతింటుంది. జర్మనీలో 2003లో హెపటైటిస్ ఏ టీకా వేసిన రాత్రి కొందరిని నిద్రపోనిచ్చారు, కొందరిని మేలుకొలిపి ఉంచారు. నాలుగు వారాల తర్వాత చూస్తే నిద్రపోయినవాళ్లకు యాంటీబాడీలు దాదాపు రెట్టింపు. అమెరికాలో 2015లో 164 మందికి ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూస్తే, ముందు వారంలో రాత్రికి ఆరు గంటల కన్నా తక్కువ నిద్రపోయినవాళ్లకు, ఏడు గంటలు దాటి నిద్రపోయినవాళ్లతో పోలిస్తే, జలుబు చేసే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఉంది.

సైటోకైన్లు ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే ఏమవుతుందో చూపించే రోగులు కూడా ఉన్నారు. హెపటైటిస్ సి కి ఇప్పుడున్న మాత్రలు రాకముందు వారానికోసారి ఇంటర్ఫెరాన్ ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లు. ఇంటర్ఫెరాన్ కూడా సైటోకైనే. ఇంజెక్షన్ చేసిన రోజు జ్వరం, ఒళ్లునొప్పులు, తర్వాత నెలల తరబడి నీరసం, చెడిన నిద్ర, చాలామందిలో దిగులు. గురకతో పాటు శ్వాస ఆగిపోయే స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లలో టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 ఎక్కువగా ఉంటాయి. వాళ్ల పగటి మగతలో కొంత భాగం దానివల్లేనా అని 2004లో అమెరికాలో ఎనిమిది మందికి టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఎటనర్సెప్ట్ ఇచ్చారు. పగటి మగత చెప్పుకోదగ్గట్టు తగ్గింది. ఎనిమిది మంది లెక్క చిన్నది, ఆ మందు గురకకు వాడేదీ కాదు. కీళ్లవాతానికి వాడే ఖరీదైన మందు, రోగనిరోధాన్ని తగ్గిస్తుంది. కానీ ఆ మగతలో టీఎన్ఎఫ్ పాత్ర ఉందని మనుషుల్లో చూపించినందుకు దానికి విలువ ఉంది.

మావగారి మాత్రల సంగతి. పారాసిటమాల్ మత్తు మందు కాదు. అది ప్రోస్టాగ్లాండిన్ ఈ2 తయారీని తగ్గించి వేడిని దించుతుంది, నొప్పులు తగ్గడంతో నిద్ర కాస్త కుదురుతుంది. సైటోకైన్లను అది ఆపదు, అందుకే 99కి దిగాక కూడా మగతగా ఉంటుంది. కానీ జలుబు మాత్రలు వేరు. వాటిలో చాలావాటిలో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది, సెట్రిజిన్ కూడా కొందరిని మగతగా ఉంచుతుంది. హిస్టమిన్ అంటే మనకు దురద, తుమ్ములే గుర్తొస్తాయి, కానీ మెదడులో అది మెలకువను నిలబెట్టే రసాయనం. దాన్ని అడ్డుకుంటే నిద్ర వస్తుంది. మీ చీటీలో పారాసిటమాల్‌తో పాటు అలాంటిదేదైనా ఉందేమో చూడండి. ఉంటే మావగారు చెప్పింది కొంతవరకు నిజమే. డెంగ్యూ అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రం వేసుకోకూడదు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది.

ఇంతా చదివి డెంగ్యూలో మగత అంటే మంచిదేనని ఎవరూ అనుకోకూడదని ఇది విడిగా రాస్తున్నాను. డెంగ్యూలో అసలు ప్రమాదం తరచూ జ్వరం దిగేటప్పుడే వస్తుంది, మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య. ఆ సమయంలో వేడి తగ్గినా మనిషి ఇంకా మందకొడిగా అవుతుంటే, లేపినా సరిగా మాట్లాడకపోతే, లేదా ఒకచోట నిలవక విలవిలలాడుతుంటే, అది సైటోకైన్ల నిద్ర అనుకుని పడుకోబెట్టి ఉంచకండి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మూత్రం తగ్గడం, చేతులూ కాళ్లూ చల్లబడటం, వీటిలో ఏదున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తేడా తెలుసుకోవడానికి ఇంట్లో వాళ్లకు నేను చెప్పేది ఒకటే: మామూలు జ్వరపు నిద్రలో ఉన్న మనిషి లేపితే విసుక్కుంటూనైనా లేస్తాడు, ఎక్కడున్నాడో తెలుస్తుంది, నీళ్లు తాగి మళ్లీ పడుకుంటాడు.

మీకు ఆ దశ దాటిపోయి ఉంటే, మిగిలిన నీరసానికి రెండు మూడు వారాలు సమయం ఇవ్వండి. డెంగ్యూ తర్వాత అంత కాలం అలసటగా ఉండటం సాధారణమే. పగటి కునుకు మధ్యాహ్నం అరగంటకు కుదించండి. మంచం మీద గడిపిన అయిదు రోజుల్లో పగలూ రాత్రీ లెక్క తప్పి ఉంటుంది, పొద్దున్నే వెలుతురులో కాసేపు నడిస్తే అది సర్దుకుంటుంది. సాయంత్రం నాలుగు తర్వాత కాఫీ, టీ వద్దు. నెల దాటినా పగటి మగత తగ్గకపోతే అన్నిటినీ డెంగ్యూ మీద నెట్టేయకండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ చూపించుకోండి. గురక పెడతారని ఇంట్లో వాళ్లు అంటుంటే స్లీప్ టెస్ట్ చేయించండి.